క్యాలెండర్‌లో 64 గీతలు

ఈ వారం ఉత్తరం డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక అమ్మాయి రాసింది. వయసు 25, సొంతూరు ఖమ్మం. నాన్న ఆర్టీసీ డ్రైవర్, ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఉన్న ఒక్క ఇల్లూ బ్యాంకులో పెట్టి 32 లక్షల లోన్ తీసుకుని, డేటా అనలిటిక్స్‌లో ఎంఎస్ చేసింది. డిసెంబరులో చదువు పూర్తయింది. చదువయ్యాక ఏడాది పాటు ఆ రంగంలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, జనవరి 5న మొదలైంది. ఉద్యోగం ఇంకా దొరకలేదు.

రూమ్మేట్ ఇండియా నుంచి వస్తుంటే వాళ్లమ్మ ఒక తెలుగు క్యాలెండర్ పంపించింది. తిథులూ రాహుకాలాలూ ఉన్న ఆ గళ్లలో ఈ అమ్మాయి రోజుకొక గీత పెడుతోంది. ఉత్తరం రాసిన మార్చి 9కి 64 గీతలయ్యాయి. ఏప్రిల్ 4న 90 నిండుతాయి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే.

జనవరి నెలాఖరులో ఒక రోజు నాన్న ఫోన్ చేసి "ఏమన్నా తెలిసిందా అమ్మా" అని అడిగితే, ఆ గొంతు విని తట్టుకోలేక "వచ్చింది నాన్నా" అనేసింది. ఆ మాట సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరింది. అక్కకి చూస్తున్న సంబంధం వాళ్లకి కూడా చెప్పారు. నాన్న తెల్లవారుజామున నాలుగున్నరకి డ్యూటీకి బయల్దేరుతూ వీడియో కాల్ చేస్తారు. అప్పుడు తనకి సాయంత్రం ఐదు. "ఆ టైమ్‌కి లైబ్రరీలో తెల్లగోడ ఉన్న మూలకి వెళ్లి కూర్చుంటానక్కా, ఆఫీసు అనుకుంటారని" అని రాసింది. ఈఎంఐకి నెలకి 38 వేలు పంపుతోంది. మొదటి నెల క్యాంపస్ జాబ్‌లో దాచుకున్నవి, రెండో నెల స్నేహితురాలి దగ్గర అప్పు.

ఇప్పుడొక కన్సల్టెన్సీ ఆయన తగిలాడు. జనవరి 5 నుంచే తమ కంపెనీలో పనిచేస్తున్నట్టు లెటర్ ఇస్తానంటున్నాడు. ముందుగా 1,500 డాలర్లు కట్టాలి. నెలనెలా జీతం డబ్బు, దాని మీద ట్యాక్స్ తనే ఆయనకి పంపితే, ఆయన పేస్టబ్, అంటే జీతం చీటీ, తయారుచేసి ఇస్తాడు. ఏడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె రాస్తాడు, ఇంటర్వ్యూకి వేరేవాళ్లని కూర్చోబెడతాడు. "అందరూ చేస్తున్నదే" అన్నాడట. ఆదివారం లోపు చెప్పమన్నాడట.

తన ప్రశ్నలు మూడు. చేరమంటారా? నెల రోజులు ఇండియా వెళ్లొస్తే ఈ లెక్క ఆగుతుందా? నాన్నకి ఎలా చెప్పను?

ఆదివారం దగ్గర్లో ఉంది కాబట్టి ఆ అమ్మాయికి ముఖ్యమైన మాటలు విడిగా ముందే రాసి పంపాను. ఇదే స్థితిలో ఇంకా చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి, తన అనుమతితో పూర్తి సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

చెల్లీ,

నీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాటని నువ్వు బ్రాకెట్లో పెట్టి వదిలేశావు. "ఫిబ్రవరి 2 నుంచి 20 దాకా మా ప్రొఫెసర్ దగ్గర సర్వే డేటా సరిచేసి పెట్టాను, వారానికి 25 గంటలు. డబ్బులివ్వలేదు కాబట్టి అది ఉద్యోగం కాదు కదా" అని. అక్కడే ఆగిపోయాను నేను. ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో చాలాకాలం పనిచేశాను. ఇదే పొరపాటు ఎంతమంది దగ్గర చూశానో లెక్కలేదు.

మొదటి 12 నెలల ఓపీటీలో పనికి జీతం ఉండి తీరాలన్న నియమం లేదు. పని నీ చదువుకి సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు చెయ్యాలి, కార్మిక చట్టాలకి విరుద్ధంగా ఉండకూడదు. అంటే మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేయించుకోకూడదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ 19 రోజులు పని చేసిన రోజులుగానే లెక్కకి రావాలి. శని ఆదివారాలతో సహా. అలా వస్తే నీ 64 గీతల్లో 19 చెరిపెయ్యొచ్చు, 45 మిగులుతాయి. నీ 90వ రోజు ఏప్రిల్ 4 నుంచి 23కి జరుగుతుంది.

ఒక చిక్కుంది. ఉద్యోగం వివరాలు 10 రోజుల్లో యూనివర్సిటీకి తెలియజెయ్యాలి. నువ్వు తెలియజెయ్యలేదు. అందుకని ఈమెయిల్ పెట్టి ఊరుకోకుండా రేపు పొద్దున్నే మీ డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) దగ్గరికి నేరుగా వెళ్లు. జరిగింది జరిగినట్టు చెప్పు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశావు, వారానికి ఎన్ని గంటలు, ఏం పని, అది నీ చదువుకి ఎలా సంబంధం, ఈ నాలుగూ ఉండేలా ప్రొఫెసర్ గారి దగ్గర ఒక లెటర్ తీసుకెళ్లు. లెక్కకి వస్తుందో రాదో సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో, రాసే ఆ డీఎస్ఓ నోటితోనే విను. ఇంకో మాట, "ఎలాగూ రాస్తున్నారు కదా, జనవరి 5 నుంచి రాయండి సార్" అని మాత్రం ప్రొఫెసర్ గారిని అడగకు. ఆయన మంచివాడైతే కాదనలేక ఇబ్బంది పడతాడు, నీ నిజమైన 19 రోజుల మీద కూడా అనుమానం వస్తుంది.

రెండో ప్రశ్నకి వెంటనే చెప్పేస్తాను. ఆగదు. ఉద్యోగం లేకుండా ఇండియాలో గడిపిన రోజులు కూడా ఆ 90లోకే వస్తాయి. పైగా చదువైపోయాక బయటికెళ్లి తిరిగి రావాలంటే గడువున్న వీసా, ఈఏడీ అనే పని అనుమతి కార్డు, ఆరు నెలల లోపు సంతకం చేయించుకున్న ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం)తో పాటు ఉద్యోగం ఉందని చూపే లెటర్ కూడా దగ్గరుండాలి. ఉద్యోగం లేకుండా వస్తే ఎయిర్‌పోర్టులోనే వెనక్కి పంపే ప్రమాదం ఉంది. అమ్మని చూడాలనిపించడం నాకు అర్థమవుతుంది. కానీ ఈ నెలలో ఆ టికెట్ కొంటే తిరిగి రాకూడదని నిర్ణయించుకునే కొనాలి.

ఇక ఆ కన్సల్టెన్సీ. కన్సల్టెన్సీలన్నీ దొంగవే అని నేననను. మనవాళ్లు చాలామంది మంచి కాంట్రాక్టు ఉద్యోగాలు వాటి ద్వారానే సంపాదించుకున్నారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. నిజమైన కంపెనీ నీకు డబ్బిస్తుంది, నీ దగ్గర తీసుకోదు. నీ జీతం నువ్వే పంపితే దాన్ని పేస్టబ్‌గా తిప్పి ఇచ్చే చోట ఉద్యోగమనేదే లేదు, కాగితాలు మాత్రమే ఉన్నాయి.

ఆ కాగితాలు ఎంత దూరం వస్తాయో ఆయన నీకు చెప్పడు, అందుకని నేను చెప్తాను. ముందు ఓపీటీ వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్‌లో ఆ కంపెనీ పేరు నీ చేత్తో నువ్వే ఎక్కిస్తావు. తర్వాత ఏడాది జీతం, ట్యాక్స్ చూపే డబ్ల్యూ-2 ఫారం వస్తుంది, దాని మీద ట్యాక్స్ రిటర్న్ వేసి సంతకం పెడతావు. స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సులవాళ్లకి ఓపీటీ పొడిగింపు) టైమ్‌కి ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద, అబద్ధం రాస్తే చట్టప్రకారం నేరమని తెలిసి మరీ సంతకం పెడతావు. తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా వేస్తే ఓపీటీలో ఏం చేశావో రుజువులు అడగొచ్చు. హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్తే కిటికీ అవతలి ఆఫీసరు అడగొచ్చు. ఎప్పుడో గ్రీన్‌కార్డు దశకి వచ్చాక కూడా ఇదే చరిత్ర మళ్లీ రాయాలి. ఒక్కసారి ఆడే అబద్ధం కాదిది. అడిగినప్పుడల్లా అదే మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసం కావాలని తప్పు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికాలో అడుగుపెట్టకుండా వేసే నిషేధానికి గడువంటూ లేదు. మినహాయింపులు చాలా తక్కువమందికి దొరుకుతాయి.

మా ఆఫీసుకొచ్చిన ఒక అబ్బాయి గుర్తొస్తున్నాడు. పేస్టబ్‌లన్నీ ఫైల్లో వరసగా పెట్టుకొచ్చాడు. "మీ మేనేజర్ ఎవరు? మొదటి రోజు ఏం పని చేశావు?" అని మామూలుగా అడిగాను. ఫారం నింపడానికి మాత్రమే. ఆ అబ్బాయి నా వైపు చూడలేదు, ఫైల్ మూసేశాడు. ఆ రోజు నేను ఇమిగ్రేషన్ ఆఫీసర్ని కాను కాబట్టి సరిపోయింది.

"అందరూ చేస్తున్నదే" అన్న మాట మనవాళ్లకి కొత్తకాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో స్టూడెంట్ వీసాల మోసం నడిపిన ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి ట్రాకింగ్ పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని స్టూడెంట్ వీసా మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వ ఏజెంట్లే నడిపారు. అందులోనూ మనవాళ్లే ఎక్కువగా చిక్కారు. వాళ్లలో చాలామందికి ఎవరో ఒకరు ఇదే మాట చెప్పే ఉంటారు. అవి కాలేజీలు, ఇది కంపెనీ అనుకోకు. కంపెనీ పట్టుబడిన రోజు దాని జాబితాలో ఉన్న ప్రతి విద్యార్థి రికార్డూ తీసి చూడొచ్చు.

అలాగని ఏ కంపెనీ పేరూ ఎక్కించకుండా 90 దాటనిస్తే సర్దుకుంటుందనీ అనుకోకు. 2025 మే నెలలో అలా ఖాళీగా ఉన్నవాళ్లకి, 15 రోజుల్లో వివరాలు ఎక్కించకపోతే రికార్డు రద్దవుతుందని నోటీసులు వెళ్లాయి. 90 దాటాక, దేశం విడిచి వెళ్లడానికి మామూలుగా దొరికే 60 రోజుల గ్రేస్ పీరియడ్ కూడా ఉండదు. ఏ దారి పట్టినా ఆ లోపే పట్టాలి.

దారులు ఉన్నాయి. ఏదీ తేలిక కాదు, ఏదీ ఊరికే రాదు.

అన్నిటికన్నా దగ్గరగా కనిపిస్తున్నది ఆ ప్రొఫెసర్ గారి దగ్గరికే మళ్లీ వెళ్లడం. పని నిజంగా ఉంటే, ఆయన ఒప్పుకుంటే, డీఎస్ఓ సరేనంటే, వారానికి 20 గంటలకి తగ్గకుండా చెయ్యి. మొదలుపెట్టిన రోజు నుంచి నీ లెక్క ఆగుతుంది. చేతికి డబ్బు రాదు, అది చిన్న కష్టమేం కాదు. కానీ రెజ్యూమెలో నిజమైన పని ఉంటుంది, దాని గురించి ఇంటర్వ్యూలో ఎవరెన్ని అడిగినా నువ్వే చెప్పగలుగుతావు. మిగతా టైమ్ అప్లై చేసుకోవచ్చు. యూనివర్సిటీల్లో జీతం ఉన్న రీసెర్చ్ ఉద్యోగాలు కూడా చూడు. వాటికి ఇంకో సౌకర్యం ఉంది, యూనివర్సిటీలు వేసే హెచ్1బీకి లాటరీ ఉండదు. మనవాళ్లు ఐటీ కంపెనీల పేర్లే వెతుకుతారు కానీ ఆసుపత్రులకీ, స్కూల్ డిస్ట్రిక్టులకీ కూడా డేటా చూసేవాళ్లు కావాలి.

చిన్న కాంట్రాక్టులైనా, పార్ట్‌టైమ్ అయినా ఫరవాలేదు. ఒకే చోట 20 గంటలు దొరక్కపోతే రెండు చోట్ల కలిపి చేసినా సరే, పని నీ సబ్జెక్టుదే అయితే చాలు. జీతం తక్కువని వదులుకోకు. ఇప్పుడు నీకు కావాల్సింది నిలబడడానికి కాస్త చోటు.

వీటికి హద్దుంది, అది ముందే తెలియాలి. ఓపీటీ అయిపోయేలోపు, అంటే వచ్చే జనవరి మొదటి వారం లోపు, 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చెయ్యాలి. దానికి ఉచిత పని పనికిరాదు. జీతం ఉండాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 ప్రకారం నీకు పని నేర్పే మనిషి అక్కడ నిజంగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వస్తే ఖాళీ రోజులకి ఇంకో 60 కలిసి మొత్తం 150 అవుతాయి. నీ కోర్సు స్టెమ్ కిందికి వస్తుందో లేదో కూడా ఐ-20లో ఉన్న కోడ్ చూసి డీఎస్ఓని అడుగు. పేరులో డేటా ఉన్నంత మాత్రాన నిశ్చయం కాదు.

మళ్లీ చదువులో చేరడం గురించి రూమ్మేట్ చెప్పిందన్నావు. ఇంకో ఎంఎస్ చేస్తే కొత్త ఓపీటీ రాదు, అదే స్థాయి కాబట్టి. అప్పు మాత్రం పెరుగుతుంది. పీహెచ్‌డీ అయితే వేరు, పై స్థాయి కాబట్టి మళ్లీ 12 నెలలు వస్తాయి, ఫీజు లేకుండా స్టైపెండ్ ఇచ్చే సీట్లూ ఉంటాయి. కానీ ఎక్కువ చోట్ల ఆగస్టు అడ్మిషన్లకి గడువు ఈపాటికే దాటిపోయి ఉంటుంది. పైగా నిజంగా పరిశోధన చెయ్యాలనే కోరిక లేకుండా వీసా కోసం అయిదేళ్లు అందులో కూర్చోలేవు. మొదటి రోజు నుంచే సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) ఇస్తామనే కాలేజీల జోలికి లాయర్ని అడగకుండా వెళ్లకు.

ఇంటికి తిరిగి వెళ్లడం కూడా ఒక దారే. ఆ మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అంత భయమేసిందన్నమాట. 90 నిండకముందే బయల్దేరితే నీ రికార్డులో మచ్చ ఉండదు. ఎంఎస్ డిగ్రీ నీదే, హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కోవచ్చు. అయితే రూపాయల జీతంతో డాలర్ల చదువు అప్పు తీర్చడం చాలా ఏళ్ల పని. మళ్లీ అమెరికా రావడమూ మునుపటంత సులువు కాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రభుత్వ ప్రకటనలో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా హెచ్1బీ వెయ్యాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. అంత పెట్టే కంపెనీలు తక్కువ. ఇవన్నీ తెలిసి వెళ్తే అది నీ నిర్ణయం. పరువు పోయిందని ఏడుస్తూ రాత్రికి రాత్రి టికెట్ కొంటే మాత్రం తర్వాత నిన్ను నువ్వే తప్పుపట్టుకుంటావు.

ఈఎంఐ కోసం ఇండియన్ స్టోర్‌లో క్యాష్‌కి పని ఇప్పిస్తామని ఎవరో అన్నారని రాశావు. వద్దు తల్లీ. చదువుకి సంబంధం లేని ఆ పని ఓపీటీకి విరుద్ధం. నెలకి నాలుగొందల డాలర్ల కోసం మొత్తం స్టేటస్‌ని పణంగా పెట్టినట్టవుతుంది.

మరి ఈఎంఐ సంగతేంటి? ఇక్కడే నీ మూడో ప్రశ్న వస్తుంది. నాన్నకి చెప్పడమంటే నీ గుండె బరువు దించుకోవడం ఒక్కటే కాదు. ఆ లోన్‌లో ఆయన కో-అప్లికెంట్, ఇల్లు ఆయన పేరు మీద ఉంది. కోర్సు తర్వాత 6 నెలలో, ఏడాదో మారటోరియం, అంటే ఈఎంఐ కట్టక్కర్లేని గడువు, చాలా బ్యాంకులు ఇస్తాయి. నీ లోన్‌కి ఆ గడువు ఇంకా ఉందేమో, ఉండి కూడా ఉద్యోగం వచ్చిందనుకుని నాన్న ముందే కట్టడం మొదలుపెట్టారేమో కాగితాల్లో చూడాలి. గడువు లేకపోతే కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టేలా అడగొచ్చు. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ బ్రాంచికి వెళ్లి అడగగలిగింది నాన్నే. నీకు ఉద్యోగం ఉందని నమ్మినంత కాలం ఆయన వెళ్లరు, నువ్వు అప్పు చేసి పంపుతూనే ఉంటావు. అక్క సంబంధం సంగతీ అంతే. నీ జీతాన్ని లెక్కేసుకుని ఆయన అవతలివాళ్లకి ఏదైనా మాటిస్తే, ఆ తర్వాత తెలియడం ఇప్పుడు తెలియడంకన్నా వంద రెట్లు కష్టం.

ఎలా చెప్పాలంటే, అమ్మకి చెప్పి అమ్మ చేత చెప్పించకు. ఆయన డ్యూటీకి వెళ్లే ముందు కూడా వద్దు, బండెడు జనాన్ని ఎక్కించుకుని స్టీరింగ్ పట్టుకునే మనిషి ఆయన. వీక్లీ ఆఫ్ రోజు చూసుకో. సోది లేకుండా మొదటి మాటలోనే అసలు విషయం చెప్పు: "నాన్నా, జనవరిలో ఉద్యోగం వచ్చిందని అబద్ధం చెప్పాను, ఇంకా రాలేదు. నీ గొంతు విని భయపడి చెప్పాను. ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తాను, విను." తర్వాత ప్రొఫెసర్ గారి పని, తేదీలు, లోన్ విషయంలో ఆయన చెయ్యగలిగేది, ఈ మూడూ కాగితం మీద ముందే రాసుకుని చదువు. కోప్పడొచ్చు. ఫోన్ పెట్టేసి రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. "అందరికీ చెప్పుకున్నాం కదే" అని అమ్మ ఏడవొచ్చు. వాటికి జవాబులు చెప్పబోకు, విను. ఏప్రిల్లో నీ అంతట నువ్వు చెప్పేలోపు ఇంకొకరి నోటి నుంచి వాళ్లకి తెలిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

రాత్రిళ్లు నిద్రపట్టట్లేదనీ, పొద్దున లేవాలనిపించట్లేదనీ రాశావు. దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. ఒంటరిగా గదిలో ఉండకు, రూమ్మేట్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏ రాత్రయినా బతకాలనిపించకపోతే 988కి ఫోన్ చెయ్యి, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. నీ వీసా గురించి మాట్లాడడానికి కాదు, నీతో మాట్లాడడానికే ఉన్నారు వాళ్లు.

నేను లాయర్ని కాను. డీఎస్ఓ ఆ 19 రోజులూ ఒప్పుకోకపోయినా, సందేహం ఉందన్నా, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడు. ఆ కన్సల్టెన్సీ ఆయన అడిగిన 1,500 డాలర్లలో కొద్ది భాగంతో ఆ పని అయిపోతుంది. ఆయనకి ఆదివారం దాకా ఆగి జవాబు చెప్పక్కర్లేదు. ఇప్పుడే "వద్దండి" అని మెసేజ్ పెట్టెయ్యి, కారణాలు చెప్పకు. ఎందుకంటే ప్రతి కారణానికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది.

మొన్న ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి కదా, ఇప్పుడు నాన్న ఫోన్ నీకు ఆరింటికి వస్తుంది. అసలు మాట చెప్పడానికి వీక్లీ ఆఫ్ దాకా ఆగినా సరే, రేపు ఆ టైమ్‌కి మాత్రం లైబ్రరీకి వెళ్లకు. నీ గదిలోనే, ఆ క్యాలెండర్ ఉన్న గోడ ముందే కూర్చుని ఎత్తు.